మామయ్యగారి చెయిన్ సా: బాగుచేసి మూడేళ్లు వాడాక

మూడేళ్ల కిందట మా మామయ్యగారు అమలాపురం నుంచి వస్తూ ఒక చెయిన్ సాని (పెట్రోలు రంపాన్ని) గోనెసంచిలో చుట్టి తెచ్చారు. తోటలో పడిపోయిన చెట్లు కోయడానికి ఎప్పుడో కొన్నదట. "తాడు లాగి లాగి భుజం పట్టేసింది అల్లుడుగారూ. బాగైతే ఉంచుకోండి, లేదంటే పాత ఇనుప సామాన్లవాడికి వేసేయండి" అన్నారు. 45 సీసీ ఇంజను, చెయిన్ తిరిగే 18 అంగుళాల బార్. స్టిక్కరు ఎప్పుడో ఊడిపోయింది.

ముందు ఒక మెకానిక్‌కి చూపించాను. రెండుసార్లు తాడు లాగి "ఇంజను పోయింది సార్" అన్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. ఆ మాట నాకు రుచించక ఇంటికి తెచ్చి సైలెన్సర్ ఊడదీశాను. ఆ రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ కనిపిస్తుంది. నిలువు గీతలు ఉంటే పని అయిపోయినట్టే. నాకు కనిపించింది మసి, దాని కింద నున్నటి లోహం. తాడు పట్టుకుని మిషన్‌ని వేలాడదీస్తే టక్కున జారిపోకుండా ఆగి ఆగి దిగింది. అంటే కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలి నొక్కుకునే బిగువు) ఉంది.

జబ్బంతా పెట్రోలు దారిలోనే ఉంది. ట్యాంకులో మిగిలింది వార్నిష్ వాసన కొడుతోంది. పైపు పట్టుకుంటే వేళ్లకి జిగటగా అంటుకుని తెగిపోయింది. కార్బ్యురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) లోపలి డయాఫ్రమ్ అనే పలచటి పొర మెత్తగా ఉండాలి, గోరుతో నొక్కితే ఇది అప్పడంలా టపటపలాడింది. ఇక్కడ నేనొక తప్పు చేశాను. కిట్ వెతికే ఓపిక లేక ఆన్‌లైన్‌లో డూప్లికేట్ కార్బ్యురేటర్ మొత్తం కొన్నాను. నెల రోజులు కుస్తీ పట్టినా ఐడిలింగ్ (యాక్సిలరేటర్ నొక్కకుండా నెమ్మదిగా నడవడం) నిలబడలేదు. చివరికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగి డయాఫ్రమ్ కిట్, పైపు, ఫిల్టర్ తెచ్చి పాతదానికే వేశాను. అన్నీ కలిపి ఆ డూప్లికేట్ ధరలో సగం కూడా కాలేదు. ఇప్పటికీ అదే కార్బ్యురేటర్ నడుస్తోంది.

ట్యూనింగ్ దగ్గరే ఎక్కువ మంది మిషన్‌ని చంపేస్తారు, నేనూ దాదాపు చంపాను. మూడు స్క్రూలుంటాయి: తక్కువ వేగంలో పెట్రోలు సరిచేసే ఎల్, ఫుల్ రేసులో సరిచేసే హెచ్, ఐడిల్‌ది. ఎల్, హెచ్ బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఎల్, హెచ్ రెండూ మెల్లగా చివరిదాకా బిగించి (గట్టిగా తిప్పితే సూది మొన పాడవుతుంది) ఒక్కో చుట్టు వదలాలి. ఇంజను వేడెక్కాక ఎల్‌ని అటూ ఇటూ తిప్పి, శబ్దం బాగా పెరిగిన చోటు చూసుకుని అక్కడినుంచి కొద్దిగా వదలాలి. యాక్సిలరేటర్ నొక్కగానే తడబడకుండా లేచిందంటే సరిపోయింది. ఐడిల్ స్క్రూ చెయిన్ తిరగడం ఆగేదాకా తగ్గించాలి. ఇంతవరకు తేలికే.

హెచ్ దగ్గర నా చెవి నన్ను మోసం చేసింది. ఫుల్ రేసులో కీచుమని అరుస్తుంటే భలే ఉందనుకున్నాను. రెండు నిమిషాలు దుంగ కోసేసరికి గొంతు పట్టేసినట్టు నీరసపడింది. హెచ్ మరీ బిగించి పెట్రోలు తగ్గిస్తే అందులో కలిపిన ఆయిల్ కూడా తగ్గుతుంది, పిస్టన్‌కి ఉన్న తడి అదొక్కటే. అదృష్టం బాగుండి గీతలు పడకుండా బయటపడ్డాను. సరైన శబ్దం వేరు. కట్టె తగలకుండా ఫుల్ రేస్ ఇస్తే కొంచెం బరబరమంటూ నత్తినత్తిగా ఉండాలి, కట్టెలో దిగగానే ఆ నత్తి పోయి గొంతు శుభ్రపడాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి కాస్త పలచన. అమలాపురంలో కుదిరిన సెట్టింగ్ ఇక్కడ బాగా పొగ వదిలింది, హెచ్ కొంచెం బిగించాల్సి వచ్చింది. డిసెంబరు చలికి గాలి చిక్కబడితే మళ్లీ ఓ వీసమెత్తు వదులుతాను, మేలో వెనక్కి తెస్తాను.

పదును సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ ట్యూనింగ్ కంటే అదే ముఖ్యమని నాకు తేలింది. దీని చెయిన్‌కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. ఒక్కో పన్నుకి 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి, మూడే మూడు తోపులు. పదును ఉంటే రంపపు పొట్టు పలుకులు పలుకులుగా రాలుతుంది. పిండిలా రాలుతోందంటే ఆపి ఆకురాయి తీయాల్సిందే.

నచ్చనివి కూడా ఉన్నాయి. రాత్రి పక్కన పెడితే తెల్లారేసరికి కింద చెయిన్ ఆయిల్ మరక. అరగంట కోస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అది తేమను పీల్చుకుంటుంది, రబ్బరుకీ పడదు. అందుకే పని అవ్వగానే ట్యాంకు ఖాళీ చేసి, దానంతటది ఆగిపోయేదాకా నడుపుతాను. లీటరుకి 25 మిల్లీలీటర్ల టూటీ (టూ-స్ట్రోక్ ఇంజన్ల) ఆయిల్ కలుపుతాను, ఎక్కువ కలిపి నిల్వ పెట్టను. చెవులకి మఫ్స్, కళ్లద్దాలు లేకుండా, చెయిన్ బ్రేక్ సరిచూడకుండా ముట్టుకోను. బార్ కొన పైభాగం కట్టెకి తగిలితే మిషన్ ముఖం మీదికి లేస్తుంది. ఒకసారి లేచింది కూడా, బ్రేక్ పడింది కాబట్టి సరిపోయింది.

నేను కోసేవి పడిపోయిన కొమ్మలే. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి, అరువు అడగడానికి వచ్చేవాళ్లకి ముందు అదే చెబుతాను.

మొన్న గాలివానకి మా గల్లీలో తురాయి కొమ్మ రోడ్డుకి అడ్డంగా పడింది. మూడో లాగుకి స్టార్టయింది. మా ఆవిడ వీడియో కాల్‌లో వాళ్ల నాన్నకి చూపించింది. ఆయన కాసేపు మాట్లాడకుండా విని, "అది మన మిషనేనా?" అన్నారు. నేను తలూపానో లేదో, "పాకలో మందుకొట్టే మిషన్ కూడా ఒకటి మూలపడి ఉంది అల్లుడుగారూ, ఈసారి వచ్చేటప్పుడు తెస్తాను" అనేశారు.