కడపలో డబుల్ బ్యారెల్‌కు బ్లూయింగ్: ఒక్క పద్ధతితో కాని పని

మా నాన్నగారి తర్వాత లైసెన్సుతో సహా నాకు వచ్చిన 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకిని ఎన్నికల సమయంలో డిపాజిట్ చేసి తిరిగి తెచ్చుకునేసరికి, రెండు గొట్టాలను కలిపే పట్టీ వెంబడి ఎర్రటి తుప్పు పట్టి ఉంది. కడపలో లైసెన్సు పొందిన ఒక ఆయుధ మరమ్మతు దుకాణంలో దానికి బ్లూయింగ్ (తుప్పును అడ్డుకునేలా ఉక్కు మీద నీలి నలుపు పొరను ఏర్పరచే పని) చేయించాను. వర్షాకాలం గడిచాక ఈ సమీక్ష రాస్తున్నాను.

మొత్తం తుపాకిని ఒకే తొట్టిలో ముంచి తీస్తారని నేను అనుకున్నాను. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపి 140 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాచే ఆ వేడి ద్రావణం ఉక్కుకు మంచిదే గాని, గొట్టాలనూ పట్టీనీ పట్టి ఉంచే మెత్తని టంకాన్ని తినేస్తుందని దుకాణదారు వివరించారు. వేడికి టంకం కరుగుతుందని చాలామంది అనుకుంటారు. అసలు హాని క్షారం వల్ల జరుగుతుంది.

అందుచేత గొట్టాలకు తుప్పు పద్ధతినే ఎంచుకున్నారు. జిడ్డు పూర్తిగా తీసి, పలుచని ఆమ్ల ద్రావణం పూసి, సన్నని తుప్పు పట్టనిచ్చి, నీటిలో మరిగిస్తారు. అప్పుడు ఎర్రని తుప్పు నల్లని ఐరన్ ఆక్సైడుగా మారుతుంది, పైన మిగిలిన మసిని స్టీల్ ఊల్‌తో రుద్ది మళ్లీ మొదటికి వస్తారు. నా గొట్టాలకు ఇది ఏడు సార్లు జరిగింది. మన ఎండాకాలపు పొడిగాలిలో తుప్పు సమంగా పట్టదు కనుక తడిగుడ్డలు వేలాడదీసిన చెక్కపెట్టెలో గొట్టాలను ఉంచారు. బోరునీటిలోని లవణాలు మరకలు చేస్తాయని డిస్టిల్డ్ వాటరే వాడారు. ఈ ఓపికను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

టంకం లేని ట్రిగ్గర్ గార్డును వేడి తొట్టిలో ముంచారు. మరలను కరిగిన సూరేకారంలో నీలంగా మార్చారు. అది కంటికి ఇంపేగాని, ఆ పొర పలుచనిది.

పది రోజులన్న పని ఇరవై నాలుగు రోజులు పట్టింది, 4,500 రూపాయలు అయింది. ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా బిగింపులో గార్డు అంచున పడిన గీతను చల్లని బ్లూయింగ్‌తో కప్పివేయడం మీదే. సెలీనియం, రాగి లవణాల ఆ ద్రావణం వేడి లేకుండానే నల్లరంగు ఇస్తుంది గాని, ఉక్కు మీద నల్లని ఆక్సైడు పొరను ఏర్పరచదు. వానలు మొదలైన నెలలోపే సరిగ్గా అక్కడే తుప్పు చుక్క తేలింది. అదే తుపాకికి అదే నూనె పట్టిస్తున్నా, గొట్టాల మీద ఒక్క మచ్చ లేదు. ఆ గార్డును మళ్లీ వేడి తొట్టిలో ముంచి ఇవ్వమని అడిగాను. అదనపు రుసుము లేకుండా చేస్తామని ఒప్పుకున్నారు.