ఆరు వారాల డిజైన్ థింకింగ్ కోర్సు: మూడో వారం కోసమైనా చేరొచ్చు

పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని, మా ఇంట్లో బీపీ మిషన్ దగ్గర నెలల తరబడి జరుగుతున్న ఒక తప్పును పట్టుకోలేకపోయాను. ఈ కోర్సులో ఇచ్చిన హోంవర్కు చేస్తుంటే అది బయటపడింది. అందుకని కోర్సు మీద ఉన్న చిరాకులన్నీ చెబుతూనే కాస్త మెత్తగా రాస్తున్నాను.

ఇది ఆన్‌లైన్‌లో చేసే కోర్సు, డిజైన్ థింకింగ్‌కీ యూజర్ సెంటర్డ్ డిజైన్‌కీ ఓనమాలు. రెండూ వాడే మనిషి అవసరం దగ్గర మొదలుపెట్టి వస్తువుల్నీ పరిష్కారాల్నీ తయారుచేసే పద్ధతులు. వారానికి ముప్పావుగంట వీడియోలు, ఒక క్విజ్, ఒక అసైన్‌మెంట్. అసైన్‌మెంట్లను మనలాంటి విద్యార్థులే ముగ్గురు దిద్దుతారు. వీడియోలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలి. బొమ్మలు వేయడం రాకపోయినా ఫర్వాలేదు. నాకు గీత కూడా తిన్నగా రాదు.

మొదటి వారమంతా చరిత్ర. విసుగొస్తుందేమో అనుకున్నాను గానీ బాగా చెప్పారు. ఉన్న పరిస్థితిని మనం కోరుకునే పరిస్థితిగా మార్చే ఆలోచన ఎవరు చేసినా అది డిజైనేనని అమెరికన్ శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1969లో అన్న మాట దగ్గర మొదలుపెట్టారు. యూజర్ సెంటర్డ్ అనే మాటకు ప్రచారం తెచ్చిన డొనాల్డ్ నార్మన్, స్టీఫెన్ డ్రేపర్‌ల 1986 సంకలనం మీదుగా వచ్చి, ఐడియో అనే డిజైన్ సంస్థకు చెందిన టిమ్ బ్రౌన్ 2008లో రాసిన వ్యాసం దగ్గర ఆపారు. డిజైన్ థింకింగ్ అనే మాట కంపెనీల మీటింగుల్లోకి పాకడానికి ఆ వ్యాసం బాగా పనికొచ్చింది. అయితే ఈ రెండింటికీ తేడా ఏమిటో మాత్రం తేల్చలేదు. నాకు అర్థమైనంతలో యూజర్ సెంటర్డ్ డిజైన్ పెద్దక్క. దానికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 9241-210. ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితిలో వాడతారో తెలుసుకో, వాళ్లకేం కావాలో రాసుకో, తయారుచెయ్యి, వాళ్ల చేతే పరీక్షించు, కుదరకపోతే మళ్లీ వెనక్కి వెళ్లు అంటుంది. డిజైన్ థింకింగ్ ఇంచుమించు ఆ పద్ధతినే తీసుకుని, అసలు ఏ సమస్యను పట్టుకోవాలో తెలియని చోట్లకు కూడా పట్టుకెళ్లింది.

రెండో వారం ఐదు షట్కోణాల బొమ్మ. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డిజైన్ నేర్పే డి.స్కూల్ వాళ్లది, ఈ రంగంలో అడుగుపెట్టిన అందరూ చూసే ఉంటారు: ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడం, సమస్యను నిర్వచించడం, ఆలోచనలు పోగేయడం, నమూనా చేయడం, పరీక్షించడం. ఇవి వరసగా ఎక్కే మెట్లు కావని ఒక వాక్యంలో చెప్పి, తర్వాత నాలుగు వారాలూ మెట్లలాగే ఎక్కించారు. క్విజ్‌లో కూడా ‘మూడో దశ ఏది’ అనే ప్రశ్న! తెలుసుకుని ఏం చేయాలి?

ఇక మూడో వారం. ఇంటర్వ్యూ ఎలా చేయాలో చెప్పే వీడియో పన్నెండంటే పన్నెండు నిమిషాలు. కానీ అందులో ఒక్క మాటా వృథా లేదు. ‘మామూలుగా ఎలా చేస్తారు’ అని అడక్కండి, ‘ఆఖరుసారి ఎలా చేశారు’ అని అడగండి. ‘ఇలాంటిది ఉంటే వాడతారా’ అని అసలు అడక్కండి, మొహమాటానికి అవుననేస్తారు. వాళ్లు ఆగిపోతే మీరు అందుకోకండి. ఆ తర్వాత హోంవర్కు: తెలిసినవాళ్లెవరైనా ఒక వస్తువు వాడుతుంటే పక్కన కూర్చుని చూడండి, సాయం చేయకండి, సరిదిద్దకండి, చూసింది చూసినట్టు రాయండి.

నేను అత్తయ్య బీపీ మిషన్‌ను ఎంచుకున్నాను. అక్షరాలు మరీ చిన్నవి, అదే సమస్య అయి ఉంటుందని ముందే తీర్మానించేసుకున్నాను కూడా. ముందు అడిగాను, “మిషన్ వాడటంలో ఏమైనా ఇబ్బంది ఉందా అత్తయ్యా?” అని. “ఏముంటుందమ్మాయ్, బాగానే పనిచేస్తోంది” అన్నారు. అక్కడితో వదిలేసి ఉంటే నా అసైన్‌మెంట్‌లో పెద్ద అక్షరాల బొమ్మ ఒకటి పెట్టి నూటికి తొంభై తెచ్చుకునేదాన్ని.

సాయంత్రం చూశాను. పట్టీ చుట్టుకున్నారు, పెద్ద బటన్ నొక్కారు, అంకె వచ్చింది, పుస్తకంలో రాసుకున్నారు. అంతా సవ్యంగానే ఉంది. మర్నాడు పొద్దున మళ్లీ కూర్చున్నాను. పట్టీ చుట్టుకుని, ఈసారి ‘ఎం’ అని ఉన్న చిన్న బటన్ నొక్కారు. పట్టీ బిగుసుకోలేదు, అంకె మాత్రం వెంటనే వచ్చేసింది. రాసుకున్నారు. నోరు నొక్కుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అంతా అయ్యాక అడిగితే, “ఎం అంటే మార్నింగే కదమ్మాయ్? పొద్దుటిది చెయ్యి నొప్పి పెట్టదు కూడా” అన్నారు.

ఎం అంటే మెమరీ. ముందురోజు సాయంత్రం అంకెనే చూపిస్తోంది అది. పుస్తకం తెరిచి చూస్తే నెలల కొద్దీ ప్రతి పొద్దుటి లెక్కా అంతకుముందు సాయంత్రం లెక్కే. ఆ పుస్తకాన్ని నేనూ చాలాసార్లు తిరగేశాను. అంకెలు నిలకడగా ఉన్నాయని సంతోషించాను. ఆ రోజే డాక్టరుగారికి విషయం చెప్పి, పొద్దుటి కొలతలు మళ్లీ మొదటినుంచీ తీయడం మొదలుపెట్టాం. అత్తయ్య చదువుకున్నారు, ఇంగ్లిషు అక్షరాలు వచ్చు. వచ్చు కాబట్టే ఆ ఊహ చేశారు. ఒక్క అక్షరంతో సరిపెట్టింది మిషన్ చేసినవాళ్లే.

నాలుగో వారానికి వస్తే కోర్సు మళ్లీ నీరుగారింది. సమస్యను ‘ఎలా చేస్తే...’ అనే ప్రశ్నగా తిరగరాయడం మంచి అభ్యాసమే. ‘మెమరీ బటన్‌ను ఎలా పెద్దది చేయాలి’ అని మొదలుపెట్టిన నేను, ‘ఎలా చేస్తే ఆమెకు తాను చూస్తున్నది ఇప్పటి అంకో పాతదో తెలుస్తుంది’ దగ్గరికి చేరడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత మిగిలిన వారమంతా రంగురంగుల స్టికీ నోట్లే. గుంపుగా కూర్చుని ఆలోచనలు అరుస్తుంటే బోలెడు పుడతాయట. 1958లో యేల్ యూనివర్సిటీలో జరిగిన ప్రయోగం దగ్గర్నుంచి పరిశోధనలు చెబుతూ వచ్చింది దీనికి ఎదురు: ఎవరికి వారు విడిగా రాసుకుని తర్వాత కలిపితేనే ఎక్కువ ఆలోచనలు వస్తాయి. ఆ సంగతి ఎత్తనేలేదు. ఎనిమిది నిమిషాల్లో ఎనిమిది బొమ్మలు గీసే పద్ధతి మాత్రం నచ్చింది. నా మొదటి మూడూ పెద్ద అక్షరాలే, ఆరోదాని దగ్గర గానీ బుర్ర కదల్లేదు.

ఐదో వారం నమూనా చేయడం. నమూనా అంటే కంప్యూటర్‌లో చేయాలేమో అని భయపడ్డాను. అట్టముక్క చాలన్నారు. పెట్టె మూత మీద రెండు బటన్లు గీసి, అంకెలున్న చీటీలు చేతిలో పట్టుకుని, అత్తయ్య ఏది నొక్కితే దానికి తగ్గ చీటీ నేనే పెట్టాను. మిషన్ పనిని తెరవెనక మనిషి చేసే ఈ పద్ధతికి విజార్డ్ ఆఫ్ ఓజ్ అని పేరు. “ఇప్పుడు నువ్వే మిషన్‌వా?” అని ఆవిడ నవ్వారు గానీ ఆట బాగా పట్టింది. మొదటి నమూనాలో ఎం బదులు ‘చరిత్ర’ అని రాశాను, ఫోన్లలో అలాగే ఉంటుంది కదా అని. మామయ్య చూసి, “ఇందులో పాఠాలు కూడా ఉన్నాయా?” అన్నారు. ‘పాత లెక్కలు’ అని మార్చి, పాత అంకె చీటీ మీద ‘నిన్న సాయంత్రం’ అని రాశాక ఇక ఎవరూ తడబడలేదు.

ఆరో వారం పరీక్షించడం. ఇక్కడే టెస్టర్‌గా నాకు ఎక్కువ ఒళ్లు మండింది. ఐదుగురి చేత పరీక్షిస్తే 85 శాతం లోపాలు దొరుకుతాయని చెప్పి ముందుకెళ్లిపోయారు. అది వస్తువులు వాడటం ఎంత సులువో పరిశోధించే జాకబ్ నీల్సన్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క. ఒక్కో మనిషికి ఒక్కో లోపం ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటేనే అది నిలుస్తుంది. అదే లోపం పదిమందిలో ఒకరికే ఎదురయ్యేదైతే ఐదుగురితో అది బయటపడే అవకాశం 41 శాతమే. అత్తయ్య ‘మార్నింగ్’ అలాంటిదే కావచ్చు. నీల్సన్ చెప్పిన అసలు విషయం ఒకేసారి పదిహేనుమందిని కూర్చోబెట్టకుండా ఐదుగురితో చూసి, సరిదిద్ది, మళ్లీ ఐదుగురితో చూడమని. ఆ ముక్క చెప్పడానికి అర నిమిషం పట్టేది. వస్తువు వాడటం ఎంత సులువుగా ఉందో వాడినవాళ్లను అడిగే పది వాక్యాల ఎస్‌యూఎస్ ప్రశ్నావళిని కూడా అలాగే చుట్టేశారు. అందులో వచ్చే స్కోరు శాతం కాదు, 68 అంటే సగటుకి దగ్గర. క్లాసులో సగంమంది 68ని ఫస్ట్‌క్లాసు అనుకున్నారు.

తోటివాళ్లు దిద్దడం గురించి కూడా ఒక మాట. ముగ్గురిలో ఒకరు శ్రద్ధగా చదివి, ‘రెండు రీడింగుల టైములు పక్కపక్కన చూపిస్తే?’ అని మంచి సలహా ఇచ్చారు. ఇంకొకరు ‘రంగులు బాగున్నాయి’ అన్నారు, నాది పెన్సిల్ బొమ్మ. మూడో ఆయన ఐదు మార్కులు తీసేశారు: పర్సోనా పేజీలో, అంటే వాడే మనిషిని పరిచయం చేసే పేజీలో, ఫోటో లేదట. ఊహల్లోంచి ఒక మనిషిని పుట్టించి, పేరు పెట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన నవ్వుమొహం అతికిస్తే పూర్తి మార్కులు. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి రెండు పేజీలు రాసి, ఆవిడ వద్దన్నారని ఫోటో పెట్టకపోతే కోత.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఉద్యోగం మారడానికి ఇదొక్కటీ చాలదు. ఫారాలు, సాఫ్ట్‌వేర్, క్లాసు పాఠాలు, ఏదో ఒకటి ఇంకొకరి కోసం తయారుచేసేవాళ్లు మాత్రం చేరండి. సర్టిఫికెట్‌కి డబ్బు కట్టకండి. నాలుగో వారాన్ని రెట్టింపు స్పీడులో లాగించేసి, ఆ టైమును మూడో వారం హోంవర్కు ఇంకో ఇద్దరితో చేయడానికి వాడుకోండి.

అసలు మిషన్ మీద ఎం బటన్‌కి ‘పాత లెక్కలు’ అని చీటీ అతికించాను. రెండుసార్లు ఊడింది. మూడోసారి అత్తయ్యే అతికించుకున్నారు, నాకంటే పెద్ద అక్షరాలతో.