అద్దాలు కడగడానికి వైపర్ కర్రా, వాటర్ పోలా: ఏది మేలు?

కొత్తగా వాటర్ పోల్ కొన్న రోజుల్లో కొంపల్లి వైపు ఒక డూప్లెక్స్ పని ఒప్పుకున్నాం. మెట్ల పక్కన రెండంతస్తుల ఎత్తున ఒకటే అద్దం. సగం పని అయ్యేసరికి మేం తీసుకెళ్లిన నీళ్లు అయిపోయాయి. వాళ్ల బోరు పైపే పోల్‌కు తగిలించి మిగతాది కడిగేశాం. తడిగా ఉన్నంతసేపూ అద్దం మెరిసిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేసి, "బాబూ, అద్దాలు కడిగారా, ముగ్గు చల్లారా?" అన్నారు. వెళ్లి చూస్తే చుక్క ఆరిన ప్రతిచోటా తెల్లటి గుండ్రటి మచ్చ. రూపాయి తీసుకోకుండా మొత్తం మళ్లీ కడిగాం. అప్పటి నుంచి ఎవరైనా "ఏ పోల్ కొనాలి?" అని అడిగితే, "మీ నీళ్ల టీడీఎస్ ఎంత?" అని ముందు అడుగుతున్నాను. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయన్న లెక్క.

నిచ్చెన ఎక్కకుండా కింద నిలబడి అద్దం శుభ్రం చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది వైపర్ కర్ర. పొడవు పెంచుకునే కర్రకు ముందు మాపు తగిలించి సబ్బునీళ్లతో రుద్దాలి, తర్వాత రబ్బరు వైపర్ తగిలించి ఆ నీళ్లు లాగేయాలి. రెండోది వాటర్ పోల్. కర్ర వెంబడి సన్నటి పైపు, చివర బ్రష్, బ్రష్‌లోంచి నీళ్లు. రుద్ది, జాడించి, అలాగే ఆరనివ్వడమే, తుడిచే పని లేదు.

ఇప్పుడు అందరం వాడే వైపర్ రూపం పాతదే. అమెరికాలోని ఓక్లండ్‌లో స్థిరపడిన ఎట్టోరె స్టెకోనె అనే ఇటలీ మనిషి ఇత్తడి పిడి, ఒకే రబ్బరు పట్టీతో చేసి 1936లో పేటెంట్ తీసుకున్నాడు. చేత్తో పట్టుకుంటే దాన్ని పాములా మెలికలు తిప్పుతూ ఒక్క ఊపులో అద్దం మొత్తం లాగొచ్చు. కర్ర చివర పెట్టాక ఆ సుఖం ఉండదు, నిలువు గీతల్లోనే లాగాలి. ముందు పై అంచు వెంబడి అడ్డంగా ఒక పట్టీ ఆరబెట్టుకోండి. తర్వాత ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి పై నుంచి కిందికి లాగండి. ప్రతి లాగుడూ ముందుది ఆరిన చోటు మీదికి రెండు వేళ్ల వెడల్పు ఎక్కాలి. నీళ్లు తడి వైపుకే జారేలా వైపర్‌ను కొంచెం వంచి పట్టాలి. ఈ వంపు కుదరకపోతే రెండు లాగుళ్ల మధ్య సన్నటి చార మిగిలిపోతుంది. ఎండ పడినప్పుడు కనిపించేది అదే.

లాగిన ప్రతిసారీ కర్ర దించి రబ్బరు తుడవాలి. కొత్త కుర్రాళ్లు దీన్ని ఎగ్గొడతారు, మేస్త్రీ ఎవరో అద్దం చూస్తేనే తెలిసిపోతుంది. రబ్బరు అంచులో గోటి గీతంత గాటు పడినా అద్దం పొడవునా గీత దిగుతుంది. అందుకే రబ్బరు దగ్గర పొదుపు చేయొద్దు. ఒక అంచు మొద్దుబారితే తిప్పి వేయండి, రెండో అంచూ పోతే మార్చేయండి. బకెట్‌లో సబ్బు ఎంత వేయాలంటే, గిన్నెలు కడిగే లిక్విడ్ నాలుగైదు చుక్కలు చాలు. నురగ ఎక్కువైతే అద్దం శుభ్రపడిపోదు, చారలు పెరుగుతాయి.

వైపర్ కర్రకు నేను పెట్టుకున్న హద్దు పదిహేను అడుగులు. అంతకు మించితే కర్ర ఊగుతుంది, రబ్బరు మీద సమానంగా ఒత్తిడి పడదు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. మన ఎండలు ఇంకో చిక్కు. ఏప్రిల్‌లో పడమటి వైపు అద్దం మీద మధ్యాహ్నం సబ్బునీళ్లు వేస్తే, వైపర్ ఎత్తేలోగా ఆరిపోతాయి. పొద్దున తొమ్మిదిలోపో, నీడ తిరిగాకో చేసుకోవాల్సిందే.

వాటర్ పోల్‌కు ఎండ బాధ లేదు. దాని బాధంతా నీళ్లతోనే. టీడీఎస్ 500 ఉన్న బోరు నీళ్లు ఒక లీటరు ఆరిపోతే అర గ్రాము లవణాలు మిగులుతాయి. అవే ఆ ముగ్గు మచ్చలు. తాగడానికి 500 వరకు మంచిదే అని మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెబుతుంది, కానీ అద్దానికి అది పనికిరాదు. మీటర్ సున్నా చూపించాలి, పోనీ పది లోపయినా ఉండాలి. "ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా" అంటారు చాలామంది. తాగే ఆర్‌ఓ మిషన్లలో రుచి కోసం కొంత టీడీఎస్ మళ్లీ కలుపుతారు, కాబట్టి ఆ నీళ్లూ మచ్చలు వేస్తాయి. ఈ పనికి ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ డబ్బా, అంటే ఆర్‌ఓ దాటి వచ్చిన కాస్త లవణాలనూ పట్టేసే డబ్బా, కూడా ఉండాలి. ఆర్‌ఓ లేకుండా రెసిన్ ఒక్కటే పెడదామంటే ఖర్చు తట్టుకోలేం. 500 ఉన్న నీటిని ఆర్‌ఓ 25కు దించిందంటే రెసిన్ మీద పడే భారం ఇరవయ్యో వంతే.

నీళ్లు కుదిరాక పని తేలికే, కానీ వరస తప్పకూడదు. ముందు పై ఫ్రేమ్ కడగాలి. అల్యూమినియం ఫ్రేమ్ మూలల్లో, రబ్బరు గాస్కెట్ వెనక ఏళ్ల నాటి దుమ్ము ఉంటుంది. అద్దం జాడించి మీరు పక్క కిటికీకి వెళ్లాక, పదినిమిషాలకు ఆ మూలల్లోంచి మురికినీటి చుక్క మెల్లగా దిగుతుంది. ఎండే వరకు అది కనబడదు. అందుకే ఫ్రేమ్ కడిగి, నీళ్లు కారడం ఆగేదాకా వేరే కిటికీ చూసుకుని, మళ్లీ వచ్చి అద్దం రుద్దుతాం. చివరి జాడింపుకి బ్రష్‌ను అద్దం నుంచి కొంచెం ఎత్తి పై నుంచి నీళ్లు వదలాలి. నీళ్లు పరదాలా పరుచుకునే అద్దం త్వరగా జాడుతుంది. పూసల్లా జారే అద్దానికి ఓపిక పట్టాలి, వెడల్పుగా చల్లే జెట్లు వేసుకుంటే మేలు. ఏళ్లుగా కడగని అద్దానికి మొదటిసారి రెండు విడతలు పడుతుంది, ఆ మాట కస్టమర్‌కు ముందే చెప్పేయండి.

కర్రల్లో అల్యూమినియం చవక, పొడవు పెరిగితే బరువు. గ్లాస్ ఫైబర్ మధ్యస్థం. కార్బన్ ఫైబర్ ఖరీదే అయినా తేలిక, వంగదు. రెండో అంతస్తు దాటితే భుజాలు మిగలాలంటే అదే కొనాలి. అల్యూమినియం, కార్బన్ రెండింటిలోనూ కరెంటు పారుతుంది. గ్లాస్ ఫైబర్ మీదా తడి, మురికి ఉంటే నమ్మొద్దు. మన గల్లీల్లో బాల్కనీల పక్క నుంచే లైన్లు పోతుంటాయి. కర్ర చేయి జారి పడితే తీగకు తగిలే చోట నేను దాన్ని ఎత్తను. మా కుర్రాళ్లకూ అదే చెప్పాను, ఈ ఒక్క విషయంలో బేరం లేదు. బ్రిటన్‌లో 2005లో వచ్చిన నిబంధనలు, వీలైనంతవరకు ఎత్తు ఎక్కకుండానే పని చేయాలన్నాయి. అక్కడ నిచ్చెనల బదులు వాటర్ పోల్ మామూలైపోవడానికి అదొక కారణం. నిచ్చెన జారే భయాన్ని తీర్చి తీగ భయాన్ని తెచ్చుకుంటే ఏం లాభం?

మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఈ రెండూ పనికిరావు. కిటికీకి గ్రిల్, బాల్కనీకి పావురాల వల. కింద నుంచి బ్రష్ అద్దం దాకా చేరదు. అక్కడ స్లైడింగ్ తలుపు తీసి లోపలి నుంచి చేతి వైపర్‌తో అందినంత చేయడమే. పదంతస్తుల గ్లాస్ బిల్డింగ్ అయితే తాళ్ల మీద వేలాడి కడిగే రోప్ వాళ్ల పని.

విల్లాలు, డూప్లెక్సులు, రెండంతస్తుల క్లినిక్కులు నెలనెలా చేసేవాళ్లకు వాటర్ పోల్ మేలని నా నమ్మకం. ఒక షోరూం అద్దం రోజూ తుడిచే కుర్రాడికి, వారానికి రెండు ఇళ్లు చేసే చిన్న టీంకు వైపర్ కర్ర చాలు. అది బకెట్ నీళ్లతో అయిపోతుంది. వాటర్ పోల్ నిమిషానికి లీటరున్నర దాకా వదులుతుంది, వంద లీటర్ల ట్యాంకు గంట ఆడుతుంది. పైగా ఆర్‌ఓ వదిలేసే నీళ్లు వేరు. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలో ఆ నీళ్లను కాలవలోకి వదలడం నాకు మనసొప్పదు. డ్రమ్ములో పట్టి వాకిళ్లు కడగడానికి ఇస్తాం.

ముగ్గు మచ్చ పాతబడితే ఏ పోల్‌తోనూ పోదు. మామూలు అద్దమైతే వెనిగర్‌లో నీళ్లు కలిపి, గుడ్డతో కాసేపు తడిగా ఉంచి రుద్దాలి. కోటింగ్ ఉన్న రిఫ్లెక్టివ్ అద్దమైతే ముందు ఒక మూల పరీక్షించి చూడండి.