ఇల్లు అమ్మే ముందు పాత కరెంటు ప్యానెల్ (బ్రేకర్ల డబ్బా) మార్పించాం: న్యూజెర్సీ ఎడిసన్ సైడ్ ఎలక్ట్రీషియన్ రివ్యూ

ముందే చెప్పేస్తా, పని బ్రహ్మాండంగా చేశారు, ఫోన్ మాత్రం ఎత్తరు. అందుకే 5కి 4. ఇద్దరు అన్నదమ్ములు నడుపుకునే చిన్న కంపెనీ, న్యూజెర్సీ లైసెన్సు ఉంది, మా బామ్మర్ది వాళ్ళింట్లో ఈవీ చార్జర్ పెట్టింది కూడా వీళ్ళే.

మాది 1968లో కట్టిన స్ప్లిట్ లెవెల్ ఇల్లు. బేస్‌మెంట్లో ఉన్నది ఫెడరల్ పసిఫిక్ వాళ్ళ స్టాబ్-లాక్ ప్యానెల్. మీ ఇల్లు కూడా ఆ కాలందే అయితే ఒకసారి ప్యానెల్ తలుపు తీసి చూడండి, బ్రేకర్ల హ్యాండిల్ మీద ఎర్ర గీత ఉంటే చాలావరకు అదే (తలుపు వరకే తీయండి, లోపలి కవర్ జోలికి వెళ్ళొద్దు ప్లీజ్). మేం ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ట్రిప్ అవ్వలేదు, ఎంత గట్టి ప్యానెలో అని మావారు మురిసిపోయేవారు కూడా, తీరా ఎలక్ట్రీషియన్ చెప్పిందేంటంటే దాని రోగమే అదంట, లోడ్ ఎక్కువైనా షార్ట్ అయినా పడాల్సిన బ్రేకర్ పడకుండా ఉండిపోవచ్చు, అప్పుడు వైరు వేడెక్కుతూనే ఉంటుంది. ఇది ఆయన అమ్ముకోడానికి చెప్పిన కథ కాదు. 1980 ప్రాంతంలోనే ఈ బ్రేకర్లకి యూఎల్ లిస్టింగ్ (భద్రతా పరీక్షలు పాసయ్యాయనే ముద్ర) కంపెనీ వాళ్ళు మోసంతో తెచ్చుకున్నారని బయటపడింది, అమెరికా ప్రభుత్వ కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ ఎంక్వైరీ మొదలుపెట్టి డబ్బుల్లేవని 1983లో మూసేసింది. రీకాల్ లేకుండానే ఆ ఫైలు మూసేశారు కాబట్టే ఇన్ని ఇళ్ళల్లో ఇంకా అలాగే ఉండిపోయాయి. కొసమెరుపు ఏంటంటే ఆ కంపెనీ మన నెవార్క్‌దే.

కాబట్టి కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టర్ ఇది రిపోర్ట్‌లో రాయకుండా వదలడు. వాళ్ళ హోమ్ ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా ప్యానెల్ బ్రాండ్ అడుగుతున్నారు, ఈ పేరు వింటే కొంతమంది పాలసీయే ఇవ్వరు. మా రియల్టర్ ఇల్లు అమ్మకానికి పెట్టకముందే మార్పించేయమంది.

కోట్స్ సంగతి. ఒక హ్యాండీమ్యాన్ క్యాష్ ఇస్తే 1,400 డాలర్లకి పెట్టేస్తా, పర్మిట్ గిర్మిట్ ఎందుకు అన్నాడు. అమ్మేవాళ్ళకి ఇంతకంటే చెత్త బేరం ఉండదు, కొత్త ప్యానెల్ మెరుస్తూ కనపడుతుంది, టౌన్‌షిప్‌లో (మన మున్సిపల్ ఆఫీసు లాంటిది) దాని పర్మిట్ ఉండదు, కొనేవాళ్ళ లాయర్ మొట్టమొదట అడిగేది అదే. ఇంకో పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చి ఇంటికి 200 యాంప్స్ కెపాసిటీ ఎలక్ట్రికల్ కోడ్ (వైరింగ్ రూల్స్) ప్రకారం తప్పనిసరి అంటూ 6,500 చెప్పారు. తప్పనిసరి ఏం కాదు. మా ఈ అన్నదమ్ముల్లో అన్న వచ్చి కూర్చుని లోడ్ లెక్కేసి చూపించాడు, మీకు హీటింగ్ గ్యాస్, స్టవ్ గ్యాస్, డ్రయ్యర్ గ్యాస్, 100 యాంప్స్ మీకు సరిపోతుంది, ప్యానెల్ ఒక్కటీ మారిస్తే 2,400 అన్నాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. కాకపోతే బయట మీటర్ దాకా వచ్చే సర్వీస్ కేబుల్ పైతొడుగు ఎండకి ఎండి పీలికలైపోయింది, అది ఎలాగూ మార్చాల్సిందే, ఇటువైపు ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళలో సగంమంది టెస్లాలోనే దిగుతున్నారు కదా అని మేమే 200 యాంప్స్ తీసుకున్నాం. పర్మిట్ ఫీజుతో కలిపి 3,900.

పని రోజు పొద్దున్నే వచ్చి కరెంటు తీసేశారు, సాయంత్రానికి ఇచ్చేశారు. (ముందురోజు దోసెల పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోకండి.) పాత ప్యానెల్ విప్పితే ఒకే బ్రేకర్ కింద రెండేసి వైర్లు దూర్చి ఉన్నాయి, మాకు ముందున్న ఓనర్ల ఘనకార్యం, అవన్నీ విడదీసి దేనికి దానికి బ్రేకర్ ఇచ్చారు. ఎర్తింగ్ పాతది నీళ్ళ పైపుకి తప్ప ఇంక దేనికీ లేదు, ఇప్పుడు దాంతోపాటు బయట 8 అడుగుల రాడ్లు రెండు, మధ్యలో 6 అడుగులకి తగ్గకుండా ఎడం వదిలి దిగ్గొట్టారు. సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా వోల్టేజీ పెరిగితే కాపాడేది), మీటర్ పక్కన ఎమర్జెన్సీ స్విచ్చి కూడా పెట్టారు. సర్వీస్ (ఇంటికి కరెంటు వచ్చే కనెక్షన్) మారిస్తే ఈ రెండూ ఉండాలని ఎలక్ట్రికల్ కోడ్ 2020 ఎడిషన్ నుంచి వచ్చింది. మీరు కోట్ తీసుకునేటప్పుడు ఇవి కలిపి చెప్తున్నారో లేదో అడగండి, తక్కువ రేటు చెప్పేవాళ్ళు ఎగ్గొట్టేది ఇక్కడే.

కానీ నేను వీళ్ళకి అసలు మార్కులు వేసేది కాగితాల దగ్గర. పర్మిట్ అప్లికేషన్ వాళ్ళే సీల్ వేసి ఇచ్చారు, టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు తమ్ముడు దగ్గరుండి చూపించాడు, పాస్ అయ్యాక సర్టిఫికెట్ ఆఫ్ అప్రూవల్ వచ్చేదాకా వెంటపడి తెచ్చి ఈమెయిల్ చేశాడు. చాలామంది ఇన్‌స్పెక్షన్ పాసైతే చాలు అనుకుని వదిలేస్తారు, పర్మిట్ క్లోజ్ అవ్వదు, క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే) వారంలో ఆ ఓపెన్ పర్మిట్ టైటిల్ వాళ్ళకో (ఇంటి కాగితాలు చూసేవాళ్ళు) లాయర్‌కో దొరుకుతుంది, ఇంక పరుగులే. మా కొనేవాళ్ళ రిపోర్ట్‌లో ప్యానెల్ గురించి ఒక్క లైనే ఉంది, కొత్తది, సమస్య లేదు అని.

మార్చకుండా కొనేవాళ్ళకి ఆ మేరకు క్రెడిట్ ఇచ్చేస్తే (రేటులో తగ్గిస్తే) పోలా అని మావారి వాదన. అలా కూడా చేస్తారు, కానీ కొనేవాళ్ళు మనకి పడే ఖర్చు అడగరండీ, వాళ్ళకి పుట్టిన భయానికి ఖరీదు కట్టి అడుగుతారు, మా వీధిలోనే ఒకాయన్ని ఇదే ప్యానెల్‌కి 8,000 అడిగారట.

ఇక కంప్లెయింట్లు. ఫోన్ ఎత్తరు అని చెప్పా కదా, వాయిస్ మెసేజ్ కూడా వినరు, టెక్స్ట్ పెడితే మాత్రం రాత్రి పదింటికైనా జవాబిస్తారు. ప్యానెల్ తలుపు మీద ఏ బ్రేకర్ దేనికో పెన్నుతో రాశారు, డాక్టర్ చీటీ నయం, మా అమ్మాయి టైప్ చేసి అతికించింది. కొత్త డబ్బా పాతదానికంటే పొడుగు కాబట్టి గోడ కోశారు, ఆ కంత పూడ్చడం వాళ్ళ పని కాదంట, వేరే మనిషిని పిలిచి ప్యాచ్ వేయించి పెయింట్ చేయిస్తే ఇంకో 250 అయ్యింది. కోట్‌లో అది రాసుండదు, మీరే అడగాలి.