ఓబ్రా డిన్: ముఖాలు కాదు, కాళ్లు చూడండి

లూకస్ పోప్ 2018లో తెచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’ అనే వీడియో గేమ్ సంగతి ఈపాటికి చాలామందికి తెలుసు: మనుషులు లేకుండా తిరిగొచ్చిన ఓడలో, శవం దగ్గర మాయ గడియారం తెరిస్తే ఆ మనిషి చనిపోయిన క్షణం (దాన్నే జ్ఞాపకం అంటున్నాను) నలుపు తెలుపు బొమ్మగా కనిపిస్తుంది; ఎవరు ఎవరో, ఎలా పోయారో తేల్చి పుస్తకంలో రాయాలి. మళ్లీ మళ్లీ ఆడినా నాకు ముచ్చట తగ్గనిది మాత్రం ఆ ఈస్టిండియా కంపెనీ ఓడలోని నలుగురు చైనా నావికుల చిక్కు. అరవై మందినీ గుర్తుపట్టాల్సిన ఆటలో నన్నడిగితే అన్నిటికన్నా గట్టి ముడి అదే.

నలుగురూ టాప్‌మెన్, అంటే స్తంభాలెక్కి తెరచాపల పని చూసేవాళ్లు. పుస్తకంలోని సిబ్బంది జాబితాలో దేశం ఒకటే, ఉద్యోగం ఒకటే. మామూలుగా పనికొచ్చే రెండు దారులూ అక్కడే మూసుకుపోతాయి. ముఖం చూసి ఇతను లీ హాంగ్, అతను వెయ్ లీ అనుకుంటే అది ఉత్త ఊహే.

దారి కాళ్ల దగ్గర ఉంది. ఇద్దరు భారతీయ నావికులు జబ్బు చేసి పోయే అధ్యాయంలోకి వెళ్లి, సిబ్బంది పడుకునే చోట నెమ్మదిగా తిరగండి. వేలాడే హామక్‌ల (గుడ్డ ఉయ్యాల పడకల) మీద నంబర్లుంటాయి. పుస్తకం మొదట్లోని జాబితాలో పేర్ల పక్కనుండే అంకెలే అవి. పడుకున్నవాళ్ల ముఖాలు సరిగా అందవు కానీ, పాదాలు బయటికి కనిపిస్తాయి. జూమ్ చేసి ఏ నంబరు దగ్గర ఎలాంటి జోళ్లున్నాయో కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ మనుషులు నిలబడి ఉన్న వేరే జ్ఞాపకాలకు వెళ్లి, చూపు కిందికి దించండి. ఎవరూ నోరు విప్పకుండానే పేరు తేలిపోతుంది. ఒక రష్యన్ నావికుడి పొగ తాగే పైపు కూడా ఇలాగే పట్టిస్తుంది.

అయితే ఈ పొగడ్తకు కొంచెం కోత పెట్టాలి. ఊహించి నెట్టుకురాకూడదనే కదా, మూడు మరణాలు సరిగ్గా రాస్తేనే ఆట ఖాయం చేస్తుంది. కానీ ఖచ్చితంగా తెలిసిన రెండింటిని ఖాయం కాకుండా చేతిలో పెట్టుకుని, మూడోదాని పేరు మారుస్తూ పోతే ఆ తాళం ఊడిపోతుంది. నలుగురు, నాలుగు పేర్లు: మొత్తం ఇరవై నాలుగు అమరికలే. జోళ్ల దాకా వెళ్లకుండానే దాటేసినవాళ్లు చాలామందే ఉంటారు. పోనీ వాళ్లదీ పూర్తి తప్పనలేం. చూసిన జ్ఞాపకాన్ని మళ్లీ చూడాలంటే పుస్తకంలోంచి నేరుగా వెళ్లే వీల్లేదు, ఓడంతా నడిచి ఆ శవం దగ్గరికే చేరాలి. జోళ్లు పోల్చే పనికి రెండు చోట్ల మధ్య అటూ ఇటూ తిరగాల్సిందే. ఆ నడక మొదట్లో గంభీరంగా ఉంటుంది, తర్వాత విసుగొస్తుంది.

కొనాలా అంటే, మీ చెవిని బట్టి. యాసను బట్టి మనిషిని పట్టుకునే ఆధారాలు బోలెడున్నాయి. ఐరిష్, స్కాటిష్ ఇంగ్లీషు అలవాటు లేనివాళ్లకు తెర మీద పడే అక్షరాల్లో ఆ తేడా చాలావరకు కనిపించదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా సగమే అందుతుంది. పెద్ద టీవీ మీద ఆ నలుపు తెలుపు చుక్కల బొమ్మలు కళ్లు లాగేస్తాయి. సెట్టింగుల్లో మ్యాకింతోష్, ఐబీఎమ్ లాంటి పాత మానిటర్ల రంగులున్నాయి, మార్చి చూస్తే కొంత నయం. ల్యాప్‌టాప్, పక్కన ఒక నోటుబుక్కు, వారాంతంలో అడ్డుపడేవాళ్లు లేని కొన్ని గంటలు ఉంటే నేనైతే వెనకాడను. ఒకసారి ముడి విప్పాక మళ్లీ కొత్తగా ఆడలేం కాబట్టి, డిస్కౌంటులో దొరికితే ఇంకా మేలు.