యూబీకీ 5 ఎన్‌ఎఫ్‌సీ: కొంటే రెండు కొనండి

ఆన్‌లైన్ ఖాతాల్లో లాగిన్ అయ్యేది మనమేనని నిరూపించే చిన్న పరికరం యూబీకీ. కొన్నేళ్లుగా ఇది నా తాళాల గుత్తిలోనే ఉంది. పైన గీతలు పడ్డాయి, బంగారు రంగు బిళ్ల చుట్టూ మురికి చేరింది, పని మాత్రం కొత్తలో లాగానే చేస్తోంది. బరువు 3 గ్రాములు. బ్యాటరీ లేదు కాబట్టి ఛార్జింగ్ గొడవా లేదు. చూసినవాళ్లు పెన్‌డ్రైవ్ అనుకుంటారు, లేదంటే ఆడిటర్ల దగ్గరుండే డిజిటల్ సంతకం డాంగిల్ అనుకుంటారు.

పాస్‌వర్డ్ కొట్టాక కీని యూఎస్‌బీలో పెట్టి బిళ్ల మీద వేలు ఆనిస్తే చాలు, లాగిన్ అయిపోతుంది. ఫోన్‌కైతే వెనకవైపు తాకించాలి, పేరులోని ఎన్‌ఎఫ్‌సీ అంటే ఇలా తాకిస్తే పనిచేసే పద్ధతే. కవర్ మందంగా ఉంటే అటూ ఇటూ జరపాల్సి వస్తుంది, అది కాస్త విసుగే.

ఓటీపీ ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. ఓటీపీని ఫోన్‌లో ఎవరికైనా చెప్పేయొచ్చు, దొంగ పేజీలో కొట్టేయొచ్చు. ఆ పేజీ నడిపేవాడు మరుక్షణం దాన్ని అసలు సైటులో వాడేస్తాడు. కీలో బయటికి చెప్పడానికి అంకెలే ఉండవు. మనం ఏ సైటులో ఉన్నామో బ్రౌజర్ దానికి చెబుతుంది. అది మనం రిజిస్టర్ చేసిన అడ్రసు కాకపోతే లాగిన్ జరగదు. పేజీ చూసి మనం మోసపోయినా కీ మోసపోదు. 2022లో ట్విలియో, క్లౌడ్‌ఫ్లేర్ అనే రెండు అమెరికా టెక్ కంపెనీల ఉద్యోగులకు ఒకే తరహా దొంగ ఎస్సెమ్మెస్‌లు వెళ్లాయి. రెండు చోట్లా కొందరు పాస్‌వర్డ్ ఇచ్చేశారు. ట్విలియోలోకి దొంగలు దూరారు, అందరికీ ఇలాంటి కీలున్న క్లౌడ్‌ఫ్లేర్‌లోకి మాత్రం రాలేకపోయారు.

ఇక అసంతృప్తి. నాకు ఖాతాలున్న బ్యాంకుల్లో దీన్ని వాడే వీలే లేదు, ఇప్పటికీ ఎస్సెమ్మెస్ ఓటీపీయే. అయినా కొన్నందుకు బాధ లేదు. అన్ని ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులూ వచ్చేది జీమెయిల్‌కే కదా, ముందు దానికి తాళం పడాలి. కీ పెట్టాక అక్కడ ఎస్సెమ్మెస్ కోడ్ ఆప్షన్ తీసేయండి. లేకపోతే ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్టే.

ఒక్క కీతో మొదలుపెట్టొద్దు. పోతే టెన్షన్ మామూలుగా ఉండదు, ఒక కీకి ఇంకోటి కాపీ తీయడం కుదరదు. రెండింటినీ ప్రతి ఖాతాలో విడివిడిగా రిజిస్టర్ చేసి, ఒకటి బీరువాలో పెట్టండి. యాపిల్ ఖాతాకైతే రెండు లేనిదే ఒప్పుకోదు. కీకి మనం పెట్టుకున్న పిన్ వరసగా 8 సార్లు తప్పు కొడితే కీ లాక్ అవుతుంది, రీసెట్ చేస్తే అందులోని పాస్‌కీలన్నీ (లాగిన్ కోసం కీలో దాచిన రహస్య వివరాలు) పోతాయి.

ధర ఎక్కువే. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ వరకే కావాలంటే యూబీకీ చేసే యూబికో కంపెనీదే ‘సెక్యూరిటీ కీ’ అనే మోడల్ చవగ్గా వస్తుంది, చాలామందికి అది సరిపోతుంది. ఫర్మ్‌వేర్‌ను, అంటే కీ లోపలి సాఫ్ట్‌వేర్‌ను, తర్వాత అప్‌డేట్ చేసుకోలేం. ఫర్మ్‌వేర్ వెర్షన్ 5.7 కంటే పాతదైన కీల్లో ఒక లోపం ఉందని 2024లో బయటపడింది. దాన్ని వాడుకోవాలంటే కీ దొంగ చేతికి చిక్కాలి, ఖరీదైన పరికరాలూ కావాలి. కాబట్టి పాతది ఉన్నవాళ్లు పారేయక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్లు మాత్రం 5.7 లేదా ఆపైదేనా అని అడిగి తీసుకోండి.