స్మార్ట్ బల్బుకు ఏ వైఫై: 2.4 గిగాహెర్ట్జా, 5 గిగాహెర్ట్జా?

కొత్త స్మార్ట్ ప్లగ్గు దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. ఫోనులోని యాప్ మాత్రం పరికరం దొరకలేదంటుంది. పాస్‌వర్డ్ నాలుగుసార్లు సరిచూసుకున్నా అదే మాట. చాలాసార్లు తప్పు పాస్‌వర్డ్‌ది కాదు, బ్యాండ్‌ది, అంటే వైఫై సిగ్నల్ నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు దారుల్లో ఒకదానిది.

చవకరకం బల్బులు, ప్లగ్గులు, సెన్సర్లలో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ వాటి కంటికి ఆనదు. దీన్ని లోపమనలేం. వెలుగు, ఆరిపో అనే రెండు ముక్కలు వినే బల్బుకు వేగంతో పనేముంది? దానికి కావలసింది రెండు గోడల అవతలి వరండా దాకా అందే సిగ్నల్. అక్కడ 2.4దే పైచేయి.

అయితే ఆ దారిలో రద్దీ ఎక్కువ. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్కింటి రౌటర్ అన్నీ అక్కడే. ఒకదానితో ఒకటి పేచీ పడని ఛానెళ్లు (ఆ దారిలోని వరుసలు) 1, 6, 11, అంతే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటుకు కొదవ లేదు, వేగమూ ఎక్కువే, కానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. టీవీకి, రౌటర్‌కు దగ్గరగా ఉన్న కెమెరాకు (దానికి ఆ రేడియో ఉంటే) నేను 5నే ఎంచుకుంటాను.

రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే ఫోను 5 మీద కూర్చుంటుంది, ప్లగ్గు 2.4లో వెతుక్కుంటుంది. రౌటర్ సెట్టింగుల్లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి, లేదా జత కుదిరేదాకా 5ను ఆపేయండి. తర్వాత ఫోను మళ్లీ 5కు మారినా ప్లగ్గు మాట వింటుంది.